చూడలేదన్న మాటకు వెల

2020 నవంబరు 29 రాత్రి, బహ్రెయిన్ ద్వీపపు పడమటి తీరాన ఉన్న జల్లాఖ్ గ్రామానికి సమీపంలో, సఖీర్ ఎడారిలోని రేసు సర్క్యూట్ మీద ఒక ఫార్ములా వన్ కారు మొదటి చుట్టులోనే దారి తప్పింది. ఇనుప కంచెను చీల్చుకుపోయి మంటల్లో చిక్కుకుంది. ఆ దెబ్బ భూమ్యాకర్షణకు 67 రెట్ల బలంతో తగిలిందని కారులోని పరికరాలు నమోదు చేశాయి. చోదకుడు రొమాఁ గ్రోజాఁ అర నిమిషం లోపే మంటల్లోంచి బయటపడ్డాడు. రేసు కార్ల వెనకనే వస్తున్న వైద్యుల కారు అప్పటికే అక్కడికి చేరుకుంది. కాలిన చేతులతో అతను బతికి బయటపడ్డాడు. ఆ తరువాత నెలల తరబడి విచారణ జరిగింది. వీడియోలు, వేగాలు, కోణాలు అన్నిటినీ పరిశీలించి, ఏ క్షణంలో ఏం జరిగిందో లెక్క కట్టారు.

ఆ సర్క్యూట్‌కు కొద్ది దూరంలో మామూలు రోడ్లున్నాయి. జల్లాఖ్ ఒకప్పుడు దవాసిర్ తెగవారు స్థిరపడిన తీరగ్రామం. ఇవాళ దాని చుట్టూ విశ్వవిద్యాలయం, జంతు సంరక్షణ కేంద్రం, సముద్రతీర విహారాలు, విశాలమైన హైవేలు ఉన్నాయి. సర్క్యూట్ మీద బండ్లన్నీ ఒకే దిక్కున తిరుగుతాయి, ఎదురు వచ్చేది ఏదీ ఉండదు. మామూలు రోడ్డు మీద అలా కాదు. తిన్నగా వస్తున్న మోటార్ సైకిలు ముందుకు, మలుపు తిరగబోతున్న కారు అడ్డంగా వచ్చినప్పుడు ఆ క్షణాన్ని నమోదు చేసే పరికరం సాధారణంగా ఉండదు. మిగిలేవి రోడ్డు మీద గాజు పెంకులు, ఆసుపత్రిలో ఒక మనిషి, పోలీసు కాగితం మీద కారు నడిపినవారి ఒక వాక్యం: "నేను చూడలేదు."

ఆ వాక్యానికి న్యాయస్థానాలు ఎంత వెల కట్టాలన్నది రెండు శతాబ్దాలుగా నలుగుతున్న ప్రశ్న. దానికి వచ్చిన జవాబుల్లో చాలా వాటి ఆనవాళ్ళు బహ్రెయిన్ అనే చిన్న దీవిలో పొరలు పొరలుగా కనిపిస్తాయి. ఆ పొరల్లో ఒకటి భారతదేశం నుంచి వెళ్ళినది.

మలుపు దగ్గర జరిగేది

మోటార్ సైకిలు ప్రమాదాలను తొలిసారిగా పెద్ద ఎత్తున శాస్త్రీయంగా పరిశీలించినవాడు హ్యారీ హర్ట్. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆయన బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 ప్రమాద స్థలాలకు స్వయంగా వెళ్ళి కొలతలు తీసుకుంది. మరో 3,600 పోలీసు నివేదికలను చదివింది. 1981లో వెలువడిన ఆ నివేదిక సారాంశం నేటికీ కోర్టు గదుల్లో వినబడుతుంది. మోటార్ సైకిలు మరో వాహనంతో ఢీకొన్న ప్రమాదాల్లో దాదాపు మూడింట రెండు వంతుల్లో, ముందుగా పోయే హక్కు మోటార్ సైకిలుదే అయినా ఎదుటి వాహనం ఆ హక్కును కాదని అడ్డు వచ్చింది. అందులోనూ ఎక్కువగా కనిపించినది, ఎదురుగా వస్తున్న కారు ఎడమ వైపుకు తిరుగుతూ మోటార్ సైకిలు దారికి అడ్డం రావడం. ప్రమాదం తెలిసిన క్షణం నుంచి ఢీకొనే క్షణం దాకా ఉన్న వ్యవధి చాలా సందర్భాల్లో రెండు సెకన్ల లోపే.

రెండు సెకన్లంటే ఎంత? గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు కదులుతుంది. కన్ను చూసి, మెదడు గుర్తించి, చెయ్యి బ్రేకు పట్టేసరికి ఒకటి నుంచి ఒకటిన్నర సెకను పడుతుంది. అంటే మిగిలేది అర సెకనో, సెకనో. ఆ కాస్త వ్యవధిలో బండిని ఆపడం మనిషికి సాధ్యం కాదు.

కారు నడిపినవారి మాట అన్ని సార్లూ అబద్ధం కాదు. చూపు ఒక చోటు నుంచి మరో చోటుకు దూకేటప్పుడు, ఆ మధ్యలో పడే ప్రతిబింబాన్ని మెదడు అణచివేస్తుంది. లేకుంటే లోకమంతా ఊగుతున్నట్టు కనిపిస్తుంది. ఆ ఖాళీలో ఒక సన్నని బండి జారిపోవచ్చు. ఇక దూరం అంచనా సంగతి. వస్తున్న వాహనం రెటీనా మీద ఎంత త్వరగా పెద్దదవుతున్నదనే దాన్ని బట్టి అది ఎప్పుడు చేరుతుందో మెదడు లెక్క వేస్తుంది. మోటార్ సైకిలు వెడల్పు కారులో సగం కూడా ఉండదు. అందువల్ల దాని బొమ్మ చాలా సేపు చిన్నదిగానే ఉండి, చివరి క్షణంలో ఒక్కసారిగా పెరుగుతుంది. చిన్నదిగా కనిపించినది దూరంగా ఉన్నట్టు తోస్తుంది. రాత్రి వేళ ఒంటి దీపానికి ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. రెండు దీపాల మధ్య ఎడం పెరగడాన్ని బట్టి దూరం తెలుస్తుంది, ఒక దీపానికి ఆ ఆధారం లేదు. భారతదేశంలో 2017 ఏప్రిల్ నుంచి కొత్త ద్విచక్ర వాహనాల దీపం ఇంజను నడుస్తున్నంతసేపూ వెలిగే ఉండాలని నియమం పెట్టడం వెనక ఉన్నది ఈ శాస్త్రమే.

తెలుగు నేల నుంచి బహ్రెయిన్‌కు వెళ్ళిన మనిషికి మరో చిక్కు తోడవుతుంది. భారతదేశంలో బండ్లు రోడ్డుకు ఎడమ పక్కన నడుస్తాయి, ఎదురు వరుసను దాటి తిరగవలసినది కుడి మలుపు. బహ్రెయిన్‌లో కుడి పక్కన నడపాలి, ప్రమాదకరమైనది ఎడమ మలుపు. జగిత్యాలలోనో రాయచోటిలోనో బండి నేర్చుకున్నవాడి కళ్ళు ఏళ్ళ తరబడి అలవాటు పడిన దిక్కుకే ముందు తిరుగుతాయి. బహ్రెయిన్ కూడా ఒకప్పుడు ఎడమ పక్కనే నడిచిన దేశం. 1967 నవంబరులో ఆ దేశం కుడి పక్కకు మారింది. చుట్టూ ఉన్న అరబ్బు దేశాల దారిలో పడడానికి తెచ్చిన మార్పు అది. బ్రిటిషు, భారతీయ అలవాట్ల నుంచి ఆ దీవి విడివడుతున్న కాలంలోనే అది జరిగింది.

ఇలా చూస్తే శాస్త్రం ఒక ఇరకాటం తెచ్చిపెడుతుంది. కంటి పరిమితి వల్ల చూడలేకపోయినవారిని తప్పు పట్టడం న్యాయమా? న్యాయస్థానాలు ఈ ప్రశ్నను మరోలా అడిగాయి. కనబడని వస్తువు ఉండవచ్చునని తెలిసినప్పుడు, రెండోసారి చూడవలసిన బాధ్యత ఎవరిది? దారికి అడ్డంగా పోదలచినవారిదే అన్నది క్రమంగా స్థిరపడిన సమాధానం. అది స్థిరపడడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

గుర్రపు రౌతు నుంచి మొదలైన లెక్క

మోటార్ సైకిలు పుట్టక ముందే దాని కేసుకు మూలరూపం పుట్టింది. 1809లో ఇంగ్లండులో బటర్‌ఫీల్డ్ వర్సెస్ ఫారెస్టర్ అనే దావా వచ్చింది. ఒకడు ఇంటి మరమ్మతు కోసం వీధిలోకి అడ్డంగా కర్ర పెట్టాడు. మరొకడు సంధ్యవేళ గుర్రాన్ని వేగంగా తోలుకుంటూ వచ్చి దానికి తగిలి పడ్డాడు. కర్ర పెట్టడం తప్పే. కాని రౌతు జాగ్రత్తగా ఉంటే తప్పించుకునేవాడు గనుక అతనికి పైసా కూడా రాదని తీర్పు వచ్చింది. ఎదుటివాడి తప్పు ఎంత పెద్దదైనా సరే, గాయపడినవాడి వంతు తప్పు రవ్వంత ఉన్నా దావా పోతుంది. వందేళ్ళకు పైగా ఈ నియమం ఇంగ్లండును, దాని నీడలో ఉన్న దేశాలను, అమెరికాను ఏలింది. 1842లో దారిలో కట్టేసి ఉన్న గాడిదను బండి తొక్కిన కేసులో, ప్రమాదాన్ని తప్పించే చివరి అవకాశం ఎవరికుందో వారే బాధ్యులని కొంత సడలింపు వచ్చింది. అయినా పరిహారం అయితే అంతా, లేకుంటే ఏమీ లేదు.

1945లో బ్రిటిషు పార్లమెంటు ఈ కాఠిన్యాన్ని తొలగించింది. ఇకపై తప్పును పాళ్ళుగా పంచి, బాధితుడి పాలు మేరకే పరిహారాన్ని తగ్గించాలన్నది. అప్పటి నుంచి మోటార్ సైకిలు దావాల్లో వాదమంతా శాతాల మీదికి మళ్ళింది. 1966 నాటి పావెల్ వర్సెస్ మూడీ కేసులో, ఆగి ఉన్న వాహనాల వరుసను దాటుకుంటూ వచ్చిన మోటార్ సైకిలును, ఆ వరుస సందులోంచి బయటికి వచ్చిన కారు ఢీకొట్టింది. బాధ్యతలో 80 శాతం మోటార్ సైకిలు నడిపినవాడిదేనని తీర్పు. బీమా సంస్థల న్యాయవాదులు ఆ తీర్పును ఎంతో కాలం ఆయుధంగా వాడుకున్నారు.

మరో తీర్పులో వైద్యం నేరుగా న్యాయంలోకి వచ్చింది. 1935లో టి. ఇ. లారెన్స్ మోటార్ సైకిలు మీంచి పడి, తలకు గాయమై చనిపోయాడు. ఆయనను చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే నాడీ శస్త్రవైద్యుడు ఉన్నాడు. ఆ తరువాత యుద్ధకాలంలో సందేశాలు మోసే సైనికుల తల గాయాలను పరిశీలించి, హెల్మెట్ ప్రాణాలు కాపాడుతుందని 1941లో ఆయన వ్యాసం ప్రకటించాడు. మూడు దశాబ్దాలకు ఆ విజ్ఞానం పరిహారపు లెక్కలోకి చేరింది. 1971లో ఓకానెల్ వర్సెస్ జాక్సన్ కేసులో పక్క రోడ్డులోంచి వచ్చిన కారు మోపెడ్‌ను ఢీకొట్టింది. తప్పు పూర్తిగా కారుదే. కాని హెల్మెట్ లేనందువల్ల గాయం పెరిగిందని పరిహారంలో 15 శాతం కోత విధించారు. ప్రమాదానికి కారణం వేరు, గాయం తీవ్రతకు కారణం వేరు అన్న తేడాను ఆ తీర్పు గుర్తించింది.

అమెరికాలో పాత నియమాన్ని కూలదోసిన ముఖ్యమైన కేసుల్లో ఒకటి కూడా మలుపు దగ్గరే పుట్టింది. 1975లో కాలిఫోర్నియా సుప్రీం కోర్టు తేల్చిన లీ వర్సెస్ ఎల్లో క్యాబ్ కేసులో, పెట్రోలు బంకులోకి పోవడానికి ఎదురు వరుసలను దాటి ఎడమకు తిరుగుతున్న కారును, వేగంగా వస్తున్న టాక్సీ ఢీకొట్టింది. తిరిగినవారి తప్పు ఉంది, వేగంగా వచ్చినవాడి తప్పూ ఉంది. పాత నియమం ప్రకారం దావా పోవాలి. కోర్టు ఆ నియమాన్నే పక్కన పెట్టి, తప్పును పాళ్ళుగా పంచే పద్ధతిని ఆ రాష్ట్రానికి తెచ్చింది.

బహ్రెయిన్ మీద పరచుకున్న పొరలు

బహ్రెయిన్‌లోనూ చుట్టుపక్కల అరబ్బు సమాజాల్లోనూ గాయానికి వెల కట్టే సంప్రదాయం మోటారు కన్నా చాలా పాతది. ఇస్లామీయ ధర్మశాస్త్రంలో దానిని దియా అంటారు. ప్రాణానికి నూరు ఒంటెలు. జంటగా ఉన్న అవయవాల్లో ఒకటి పోతే అందులో సగం. ఒక్కో వేలికి పదో వంతు. ఒక్కో పంటికి అయిదు ఒంటెలు. ఈ లెక్కలో మనిషి చేసే పనిని చూడరు. రాజైనా కూలివాడైనా వేలి వెల ఒకటే. తెలియక జరిగిన హానికి ఆ సొమ్మును హాని చేసినవాడు ఒక్కడే భరించడు, అతని బంధువర్గం కలిసి చెల్లిస్తుంది. ఆ బంధువర్గాన్ని ఆకిలా అంటారు. ఒకరి పొరపాటు భారాన్ని చాలామంది పంచుకోవడం అనే ఆలోచనకు అది తొలి రూపాల్లో ఒకటి. ఆధునిక బీమా చేసేదీ అదే, బంధుత్వానికి బదులు ప్రీమియం వచ్చింది.

ఈ పొర మీద భారతీయ పొర పడింది. బ్రిటిషు రాజు పేర 1913లో వెలువడి 1919లో అమలులోకి వచ్చిన బహ్రెయిన్ ఆర్డర్ ఇన్ కౌన్సిల్, ఆ దీవిలోని విదేశీయుల మీద న్యాయాధికారాన్ని బ్రిటిషు పొలిటికల్ ఏజెంటుకు ఇచ్చింది. ఏజెంటు కోర్టులో ఇండియన్ పీనల్ కోడ్ వంటి భారతీయ చట్టాలు నడిచాయి. కొన్ని విషయాల్లో పై అధికారం బొంబాయి హైకోర్టుది. విదేశీయుడికీ స్థానికుడికీ మధ్య తగాదా వస్తే ఏజెంటు, షేక్ ప్రతినిధి కలిసి కూర్చునే ఉమ్మడి కోర్టుకు పోయేది. చెలామణిలో ఉన్నది రూపాయే. 1965లో బహ్రెయిన్ దినారు వచ్చేదాకా ఆ దీవిలో జీతమైనా జరిమానా అయినా రూపాయల్లోనే. 1932లో జెబెల్ దుఖాన్ దగ్గర నూనె బావి పడి, జల్లాఖ్‌కు కొద్ది మైళ్ళ దూరంలో అవాలీ పట్టణం వెలిసినప్పుడు, నూనె సంస్థలో పనికి వచ్చిన భారతీయులు ఒక విధంగా తమ దేశపు చట్టం కిందనే పరాయి దేశంలో బతికారు.

వాహనాలు పెరిగిన కొద్దీ గాయాలూ పెరిగాయి. 1954లో ఈ గాయాల లెక్కే బహ్రెయిన్ రాజకీయాల మలుపుకు కారణమైంది. వాహనాలకు బీమా తప్పనిసరి అయ్యేసరికి, విదేశీ బీమా సంస్థలు అడిగే ప్రీమియం తమ సంపాదనను మింగేస్తుందని టాక్సీ, బస్సు డ్రైవర్లు సమ్మెకు దిగారు. వారి పక్షాన నిలబడిన అబ్దుర్రహ్మాన్ అల్ బాకిర్ ఒక ఉపాయం చెప్పాడు. విదేశీ సంస్థకు కట్టే బదులు డ్రైవర్లే ఒక సహకార పరిహార నిధి పెట్టుకోవాలి, ఎవరి బండి వల్ల ఎవరు గాయపడినా అందులోంచి చెల్లించాలి. ఆ నిధి ఏర్పడింది. షియా, సున్నీ డ్రైవర్లు అందులో కలిసి కూర్చున్నారు. అంతకు ముందు ఏడాది మత ఘర్షణలు చూసిన దీవిలో ఆ కలయిక చిన్న విషయం కాదు. అదే సంవత్సరం అక్టోబరులో ఏర్పడిన జాతీయ ఉద్యమ సంఘానికి అల్ బాకిర్ ప్రధాన నాయకుల్లో ఒకడయ్యాడు. 1956లో ప్రభుత్వం ఆయనతో సహా ముగ్గురిని శిక్షించి సెయింట్ హెలీనా దీవికి పంపింది, 1961లో గాని వారు విడుదల కాలేదు. ఆ ఉద్యమాన్ని చరిత్రకారులు సాధారణంగా వలసపాలన వ్యతిరేకత కోణంలో చూస్తారు. కాని దాని తొలి మెట్లలో ఒకటి, రోడ్డు మీద గాయపడినవాడికి సొమ్ము ఎవరు కట్టాలన్న తగాదా. ఆకిలా అనే పాత బంధం, టాక్సీ డ్రైవర్ల నిధి రూపంలో మళ్ళీ కనిపించిందని కూడా చెప్పవచ్చు.

స్వాతంత్ర్యానికి ముందటి చివరి ఏళ్ళలో, 1969లో భారత కాంట్రాక్టు చట్టపు పోలికలతో ఒక ఒప్పందాల చట్టం, 1970లో ఇంగ్లీషు సంప్రదాయపు పోలికలతో పౌర హానుల చట్టం బహ్రెయిన్‌కు వచ్చాయి. 1971లో దేశం స్వతంత్రమైంది. 1987లో వాహన ప్రమాదాల బాధ్యతకు నిర్బంధ బీమా గురించి ప్రత్యేక శాసనం వచ్చింది. 2001లో వచ్చిన సివిల్ కోడ్ పాత ఇంగ్లీషు, భారతీయ నమూనాలను పక్కకు నెట్టి, ఈజిప్టు న్యాయవేత్త అల్ సన్‌హూరీ నుంచి అరబ్బు దేశాలకు వ్యాపించిన మార్గంలోకి దేశాన్ని తీసుకుపోయింది. ఆ మార్గంలో సూత్రం క్లుప్తమైనది. తప్పు, హాని, రెండిటి మధ్య సంబంధం చూపితే పరిహారం. జరిగిన నష్టం, చేజారిన ఆదాయం, మనోవేదన మూడూ లెక్కకు వస్తాయి. బాధితుడి తప్పు కూడా ఉంటే న్యాయమూర్తి మొత్తాన్ని తగ్గిస్తారు. 2014లో వచ్చిన ట్రాఫిక్ చట్టం రోడ్డు నియమాలను, శిక్షలను కొత్తగా రాసింది.

తెలుగు నేల మీద లెక్క

ఇదే కాలంలో భారతదేశం మరో దారిన నడిచింది. 1939 నాటి మోటారు వాహనాల చట్టంలోని నిర్బంధ బీమా నియమం 1946 జులైలో అమలయింది. 1956 సవరణతో పరిహారం కోసం ప్రత్యేక ట్రిబ్యునళ్ళకు చోటు ఏర్పడింది. 1988 చట్టం, దానికి 1994లో వచ్చిన సవరణ బాధితుడికి ఒక గొప్ప సౌకర్యం కల్పించాయి. ప్రమాదం ఏ ఊళ్ళో జరిగినా, తాను ఉండే జిల్లా ట్రిబ్యునల్‌లోనే దావా వేసుకోవచ్చు. హైదరాబాదులో కాలు విరిగిన కూలి సిరిసిల్లకు తిరిగి వచ్చి, అక్కడి నుంచే కేసు నడుపుకోవచ్చు.

పరిహారాన్ని లెక్క కట్టే పద్ధతి కూడా క్రమంగా ఒక గాడిన పడింది. 2009లో సరళా వర్మ కేసులో సుప్రీం కోర్టు వయసును బట్టి గుణకాల పట్టిక ఇచ్చింది. 2017లో ప్రణయ్ సేఠీ కేసులో రాజ్యాంగ ధర్మాసనం భవిష్యత్తులో పెరగబోయే ఆదాయాన్ని కూడా కలపాలని స్థిరపరచింది. ఉదాహరణకు నెలకు 15,000 రూపాయలు సంపాదించే 28 ఏళ్ళ స్వయం ఉపాధి మనిషి సంపాదనా శక్తి సగం పోయిందనుకుందాం. ఏడాదికి 1,80,000. దానికి 40 శాతం భవిష్యత్తు వంతు కలిపితే 2,52,000. ఆ వయసుకు గుణకం 17, అంటే 42,84,000. అందులో సగం 21,42,000 రూపాయలు. చికిత్స ఖర్చు, నొప్పి, సహాయకుడి జీతం వీటికి అదనం.

ఇక్కడ వైద్యుడి సర్టిఫికెట్టు పాత్ర ఏమిటన్నది 2010లో రాజ్ కుమార్ వర్సెస్ అజయ్ కుమార్ తీర్పు తేటతెల్లం చేసింది. అవయవానికి ఎంత శాతం వైకల్యం వచ్చిందన్నది ఒక సంఖ్య, దాని వల్ల ఆ మనిషి బతుకుతెరువుకు ఎంత నష్టం వచ్చిందన్నది మరో సంఖ్య. ఎడమ చెయ్యి పోతే వడ్రంగికీ డ్రైవరుకీ బతుకుతెరువే పోవచ్చు, గుమాస్తాకు అంత పోకపోవచ్చు. దియా లెక్కలో పని ఏదైనా వేలి వెల ఒకటే. ఈ లెక్కలో వేలు ఎవరి చేతిదో చూడాలి. మొదటిది వేర్వేరు పనులు చేసే మనుషులను సమానంగా చూస్తుంది, రెండోది వారి నష్టాన్ని సమానంగా చూస్తుంది. రెండిటిలోనూ ఒక న్యాయం ఉంది, రెండిటిలోనూ ఒక లోటు ఉంది. తక్కువ జీతగాడి కాలు, ఎక్కువ జీతగాడి కాలి కన్నా చవక అన్నది రెండో పద్ధతిలోని చేదు నిజం.

బాధితుడి వంతు తప్పు విషయంలోనూ సుప్రీం కోర్టు గీత గీసింది. ఒకే మోటార్ సైకిలు మీద ముగ్గురు కూర్చోవడం చట్ట ఉల్లంఘనే. అయినా ఆ కారణంగానే ప్రమాదం జరిగిందని గాని, గాయం పెరిగిందని గాని చూపకుండా పరిహారం తగ్గించకూడదని 2020లో మహమ్మద్ సిద్దీఖ్ కేసులో చెప్పింది. లైసెన్సు లేకపోవడం ఒక్కటే నిర్లక్ష్యానికి రుజువు కాదని 2008లోనే చెప్పింది. రూలు మీరాడు కాబట్టి తప్పు వాడిదే అని ముందే తీర్మానించుకునే అలవాటుకు ఈ తీర్పులు అడ్డుకట్ట.

సముద్రం దాటని దావా

జల్లాఖ్ దారిలో డెలివరీ సంచితో వెళ్తున్న ఒక తెలుగు యువకుడి ముందు కారు ఎడమకు తిరిగిందనుకుందాం. మోటార్ సైకిలు గాయాలకు ఒక రూపం ఉంటుంది. బంపరు తగిలే చోట మోకాలి కింది ఎముక ముక్కలవుతుంది, చర్మం చీలి ఎముక బయటికి వస్తుంది. మనిషి ఎగిరి భుజం మీద పడితే, మెడ నుంచి చేతికి పోయే నరాల గుత్తి వేర్లతో సహా తెగుతుంది. ఆ చెయ్యి శరీరానికి వేలాడుతూ ఉంటుందే గాని పనికి రాదు. ఈ రెండు గాయాల అసలు లెక్క వారాల్లో తేలదు. విరిగిన ఎముక అతుకుతుందా, చీము పడుతుందా అన్నది తెలియడానికి నెలలు, నరం తిరిగి పెరుగుతుందా అన్నది తెలియడానికి ఏడాదికి పైగా పడుతుంది.

అసలు చిక్కు ఈ కాలవ్యవధిలోనే ఉంది. గాయం స్థిరపడక ముందే వైకల్యం శాతం రాస్తే అది తప్పుతుంది. స్థిరపడేదాకా ఆగితే ఆ మనిషి అక్కడ ఉండడు. పని చెయ్యలేనివాడికి వీసా నిలవడం కష్టం, ఇంటి దగ్గర అప్పు ఆగదు. టికెట్టు చేతిలో పెట్టగానే అతను విమానం ఎక్కుతాడు. దావా మాత్రం అక్కడే ఉండిపోతుంది. బహ్రెయిన్‌లో జరిగిన ప్రమాదానికి కరీంనగర్ ట్రిబ్యునల్‌లో దావా వేసే వీలు లేదు. ఉండే చోటే కేసు వేసుకునే 1994 నాటి సౌకర్యం సముద్రం దాటదు. అక్కడి కోర్టు భాష అరబిక్కు. ఈజిప్టు తరహా న్యాయ మార్గంలో, తప్పు ఎవరిదని క్రిమినల్ కోర్టు తేల్చితే దాదాపు అదే సివిల్ కోర్టునూ నడిపిస్తుంది. కాబట్టి మొదటి రోజు పోలీసులు ఏం రాసుకున్నారు, గాయపడినవాడి మాట దుబాసీ ద్వారా వారికి చేరిందా అన్నదే సగం తీర్పు. ఆ రోజు అతను ఆపరేషన్ బల్ల మీద ఉంటాడు. ఎదుటివారు మాత్రం "నేను చూడలేదు" అని చెప్పడానికి అక్కడే ఉంటారు. చూడలేదన్నది నిర్లక్ష్యాన్ని ఒప్పుకోవడమా, క్షమాపణా, లేక తప్పంతా వేగంగా వచ్చినవాడిదే అన్న ఆరోపణా? రాసుకునే చేతిని బట్టి మూడూ కావచ్చు.

అయితే దారులు పూర్తిగా మూసుకుపోలేదు. పనిలో ఉండగా జరిగిన గాయానికి బహ్రెయిన్ 1976 నాటి సామాజిక బీమా చట్టం కింద వేరే రక్షణ ఉంది. దానికి విదేశీ కార్మికుల పేర యజమాని జీతంలో 3 శాతం చెల్లించాలి. అది కారు బీమా మీద వేసే దావాకు వేరు. భారత ప్రభుత్వపు ప్రవాసీ భారతీయ బీమా యోజన, వలస అనుమతితో వెళ్ళిన కార్మికులకు ప్రమాదంలో మరణానికీ శాశ్వత వైకల్యానికీ 10 లక్షల రూపాయల దాకా రక్షణ ఇస్తుంది. బహ్రెయిన్‌లోని ఇండియన్ కమ్యూనిటీ రిలీఫ్ ఫండ్ వంటి సంస్థలు ఆసుపత్రిలో పడిన కార్మికుల వెన్నంటి ఉన్నాయి. ఇవన్నీ పనికి రావాలంటే, విమానం ఎక్కే ముందు కొన్ని పనులు జరగాలి. పోలీసు నివేదిక నకలు, ఆసుపత్రి రికార్డులు, ఎక్స్‌రేలు, స్కాన్‌లు చేతికి రావాలి. జీతపు రసీదులు, పని ఒప్పందం దగ్గరుండాలి. న్యాయవాదికి ఇచ్చే అధికార పత్రం అక్కడే రాయాలి. ఊరికి వచ్చాక ఏడాదికి చేసిన పరీక్షల ఫలితాలు ఆ న్యాయవాదికి చేరాలి. చిన్న పనులే. కాని ఒక కాలికి ఇనుప కడ్డీలు బిగించి ఉన్న మనిషికి ఇవి కొండలు. అతని మంచం పక్కన భాష తెలిసినవారు ఒకరు ఉంటే అవి సాధ్యమవుతాయి. విదేశాల్లో స్థిరపడిన తెలుగు వైద్యులు, న్యాయవాదులు, ఉద్యోగులు చేయగల సాయం చాలా సార్లు డబ్బు కాదు, ఆ మంచం పక్కన ఒక గంట.

వందేళ్ళ కిందట ఆ దీవిలో ఏజెంటు కోర్టు భారతీయ చట్టం చదివింది. రూపాయల్లో జరిమానా వేసింది. అది వలస రాజ్యపు ఏర్పాటు, దానిని తిరిగి కోరుకోవలసిన పని లేదు. అయినా అప్పటి భారతీయుడు తనకు తెలిసిన న్యాయం ముందు నిలబడ్డాడు, ఇప్పటి కార్మికుడు తనకు తెలియని న్యాయం ముందు, చాలా సార్లు తాను లేకుండానే, నిలబడవలసి వస్తున్నది. రెండు శతాబ్దాల్లో న్యాయశాస్త్రం గుర్రపు రౌతుకు ఏమీ ఇవ్వని చోటు నుంచి, తప్పును పాళ్ళు వేసి, బతుకుతెరువును కొలిచి, భారాన్ని పదిమందికి పంచే చోటుకు వచ్చింది. డ్రైవర్ల నిధి 1954లో చూపినట్టు, ఆ పంపకం చట్టం వల్ల మాత్రమే జరగదు, మనుషులు కలిసి కూర్చోవడం వల్ల జరుగుతుంది.

సఖీర్ సర్క్యూట్ మీద ప్రమాదం జరిగితే ప్రతి క్షణానికీ సాక్ష్యం ఉంటుంది. జల్లాఖ్ రోడ్డు మీద గాయపడినవాడికి సాక్ష్యం అతని శరీరమే. అది విమానం ఎక్కి వెళ్ళిపోయే లోపు ఎవరైనా దానిని రాసిపెట్టాలి.